లాభం వల తిరగలేదు

రోజు 1. తొట్టి: నీలి గీతకు పైన 30 అంగుళాలు.

ఈ నీటి పుస్తకంలో రోజూ నీటిమట్టం తప్ప వేరే ఏమీ రాయకూడదని అట్ట మీద అచ్చు వేసి ఉంది. అచ్చు వేసినవాళ్లు ఇక్కడ లేరు కాబట్టి నాకు తోచింది రాస్తాను. ఇన్నాళ్లూ దీన్ని గుమాస్తా రాసేది. గుమాస్తా అంటే మనిషి కాదు, మా ఊరి యంత్రం. "వలలు గాలికి తిప్పు" అంటే తిప్పేది, "రేపు మంచు పడుతుందా" అంటే చెప్పేది. మొన్న ఘాట్ రోడ్డు మీద కొండచరియ విరిగిపడి, కింది పట్నం నుంచి వచ్చే తీగ తెగిపోయింది. గుమాస్తా బుర్ర అంతా పట్నంలో ఉంటుంది, ఇక్కడ ఉన్నవి నోరూ చెవులే. బాగుచేయడానికి నలభై రోజులు పడుతుందని వైర్‌లెస్‌లో చెప్పారు.

నా పేరు పోలమ్మ. వలల చిరుగులు కుడతాను. సముద్రం మా పేటను మింగేశాక మమ్మల్ని మూడు చోట్లకు తిప్పి, నాలుగోసారి ఈ వలకొండ మీదికి తెచ్చారు. చేపల వలలు అల్లిన చేతులు మంచు వలలకు బాగానే అలవాటు పడ్డాయి. పొగమంచు వలకు తగిలి బొట్లుగా మారి, గొట్టంలోకి జారి, తొట్టిలో పడుతుంది. నూట నలభై గడపలకు అదే నీరు.

వలలు పన్నెండు. ఒక్కోటి ముగ్గురు మనుషుల నిలువెత్తు. గాలి మళ్లినప్పుడల్లా వలను దానికి ఎదురుగా తిప్పాలి, లేకపోతే మంచు పక్కనుంచి పోతుంది. చేత్తో తిప్పుదామంటే మోటారు పళ్లు పట్టుకుని ఉంటాయి. మోటారు విప్పేస్తే వల గాలికి గిరగిరా తిరిగి చిరుగుతుంది. అలా ఒకటి చిరిగితే కుట్టడానికి నాకు నాలుగు రోజులు పట్టింది.

తొట్టిలో నీలి గీత కిందికి నీళ్లు దిగితే ఊరు ఖాళీ చేయించాలని తరలింపు ఆఫీసు నిబంధన. లారీలు వస్తాయి. ఇరవై నాలుగో రోజున ఎవరో అధికారి తనిఖీకి వస్తారట. ఐదోసారి సామాను కట్టే ఓపిక నాకు లేదు. నా కుట్టుమిషను ఈసారి నేలకి బోల్టులు వేయించి బిగించుకున్నాను.

మోటార్ల గదిలో గుమాస్తా రాకముందు నాటి పాత పెట్టె ఒకటుంది. ప్రోగ్రాం రాసి ఇస్తే అదే వలలను తిప్పుతుందట. రాసేవాళ్లు ఎవరూ లేరు. అడిగితే పనులైపోయే కాలంలో ఎవరు నేర్చుకుంటారు? నా మిషను చేత పువ్వులు కుట్టించడానికి సరదాకి చిన్న చిన్న ఆదేశాలు రాసుకునేదాన్ని. ఊరి సంఘం వాళ్లకు అది చాలు. పువ్వు కుట్టించినదానివి వల తిప్పించలేవా అన్నారు. సరేనన్నాను. భయం ఉంది, కానీ నిజం చెప్పాలంటే ఆ పెట్టె లోపల ఏముందో చూడాలని చాలాకాలంగా మనసు పీకుతోంది.

రోజు 2. తొట్టి: 28.

పెట్టెతో పాటు ఒక పుస్తకం దొరికింది. పేరు "పది రోజుల్లో యంత్రభాష, ఎవరికైనా". మొదటి పేజీ మొదటి వాక్యం: "ముందుగా మీ ఎడిటర్‌ను తెరవండి."

తెరవడానికి అది ఎక్కడ ఉందో తెలియాలి కదా. పెట్టె ముందువైపు మూత తెరిచాను. వైర్లు, ఎలకల పెంటికలు కనిపించాయి. మధ్యాహ్నానికి తెలిసింది, ఎడిటర్ అనేది వస్తువు కాదు, తెర మీద కనిపించేదని. తెర రావాలంటే పెట్టె వెలగాలి. వెలిగించే బొత్తాం వెనకవైపు కింద, గోడకు ఆనుకుని ఉంది. నొక్కితే తెర నల్లగానే ఉండిపోయింది. కాల్చేశానేమోనని వెంటనే ఆర్పేశాను. ఇలా నాలుగుసార్లు. ఐదోసారి ఆర్పడం మరిచిపోయి నీళ్లు తాగి వచ్చేసరికి తెర వెలిగి ఉంది. దానికి అయిదు నిమిషాలు పడుతుందన్న సంగతి ఆ పుస్తకంలో ఏ పేజీలోనూ లేదు.

రోజు 4. తొట్టి: 24.

వారానికి రెండుసార్లు పట్నంతో వైర్‌లెస్‌లో పది నిమిషాలు మాట్లాడనిస్తారు. అవతల సుభాని గారని ఒకాయన. గుంటూరు వైపు మనిషి, ఇలాంటి పాత పెట్టెలు తెలిసిన కొద్దిమందిలో ఒకడు. మర్యాదగా మాట్లాడతాడు. నేనడిగింది ఓపికగా విన్నాడు.

"ఏముందమ్మా, గాలి దిక్కు చదివి, ఒక లూప్ పెట్టి అన్ని వలలకీ పంపించండి. అంతే."

"లూప్ అంటే ఏటండీ?"

"మళ్లీ మళ్లీ చెయ్యమని చెప్పడమమ్మా. లైబ్రరీ ఎక్కించుకుని ఫంక్షన్‌ని పిలిస్తే అంతే."

లైబ్రరీ ఎక్కడుంది, ఫంక్షన్ ఎవరు, నేను పిలిస్తే ఎందుకు పలుకుతుంది. ఒక్కో మాట అడిగితే దానికి ఇంకో రెండు మాటలు అడ్డం వచ్చాయి. పది నిమిషాల్లో ఆయన "అంతే" అన్నది తొమ్మిదిసార్లు. కాగితం మీద గీతలు పెట్టాను. ఆయన తప్పు పట్టడానికి కాదు, నాకు అర్థం కాని చోటల్లా ఆ మాట ఎందుకు వస్తోందో చూద్దామని.

రోజు 5. తొట్టి: 22.

ఈరోజు తెర మీద "నమస్కారం" అని కనిపించింది. నేను కనిపించమంటేనే కనిపించింది. గది బయటికి పరుగెత్తి మసేను మావని లాక్కొచ్చి చూపించాను. మసేను మావకు డెబ్బై రెండేళ్లు. ఒకప్పుడు పేటలో పెద్ద వల ఆయన చేతిమీద నడిచేది. గాలి గురించి ఈ కొండ మీద ఆయనకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు, గుమాస్తాతో సహా. ఆయన తెర దగ్గరికి వంగి చూశాడు.

"ఈ పెట్టె మనకి దండం పెడితే తొట్టిలోకి నీళ్లొచ్చీస్తాయేటే?"

రావు. కానీ నాకు నవ్వు ఆగలేదు. నాలుగు రోజులుగా నాతో మాట్లాడని పెట్టె ఒక మాట పలికింది.

రోజు 7. తొట్టి: 18.

పద్నాలుగో వరుసలో తప్పు ఉందని పెట్టె అంటుంది. పద్నాలుగో వరుసను అక్షరం అక్షరం చూశాను, చెరిపి మళ్లీ రాశాను, పుస్తకంతో పోల్చాను. తప్పు లేదు. పెట్టె ఒప్పుకోదు. రోజంతా ఇదే గొడవ. ఆఖరికి విసుగొచ్చి పైనుంచి మొత్తం చదువుతుంటే పదమూడో వరుసలో ఒక బ్రాకెట్ తెరిచి మూయకుండా వదిలేశానని కనబడింది.

పెట్టె అబద్ధం చెప్పలేదు. అది పద్నాలుగో వరుస దాకా వచ్చాకే తికమకపడింది, పడిన చోటే చెప్పింది. నేనేమో అది తప్పు జరిగిన చోటు చెబుతోందనుకున్నాను. ఈ రెండూ వేరని ఎవరైనా ఒక్క ముక్క చెప్పి ఉంటే నాకు ఒక రోజు మిగిలేది. ఊళ్లో ఒక రోజంటే రెండు అంగుళాలు.

రోజు 9. తొట్టి: 14.

వల కదిలింది.

పొద్దున మంచు గట్టిగా ఉంది, గది గుమ్మంలోంచి చెయ్యి చాస్తే వేళ్లు కనబడటం లేదు. మసేను మావను వలల మధ్య దారిలో నిలబెట్టి, "తిప్పు 5" అని కొట్టాను. మోటారు మూలిగింది. మంచులోంచి మావ కేక వినబడింది.

"తిరిగినాదే పోలీ! ఒగ్గీకు, తిప్పు!"

మా వాళ్లు ఏది కొలిచినా, ఏది లెక్కపెట్టినా మొదటిదాన్ని ఒకటి అనరు. లాభం అని మొదలుపెట్టి రెండుకి వెళ్తారు. కొలత బోణీ కదా, శుభం పలకాలని. మా వలల పలకల మీదా అంతే. కొండ కనుమ దగ్గర గాలికి ముందుగా ఎదురయ్యే వల పేరు లాభం. దాని పలకకు పసుపు రాసి ఉంటుంది. తర్వాత రెండు, మూడు, అలా పన్నెండు దాకా. ఊరికి వచ్చే నీళ్లలో పావు వంతు ఆ లాభం వలదే. పెట్టెకు ఈ ఆచారాలు తెలియవు కాబట్టి లాభాన్ని ఒకటి అని రాశాను. పెట్టె దారికి నేను దిగివచ్చానని నాలో నేనే మెచ్చుకున్నాను.

రోజు 11. తొట్టి: 11.

ఇప్పుడు ఒక్కో వల సంఖ్యా కొట్టి తిప్పుతున్నాను. రోజంతా అక్కడే కూర్చోవాలి, తిండికి లేచేలోపు గాలి మళ్లిపోతుంది. పెట్టె తనంతట తానే తిప్పాలంటే గాలి మళ్లిందని దానికి తెలియాలి. అది మసేను మావను అడిగాను.

"గాలి మళ్లితే తిప్పాల. అందులో సెప్పడానికేటుంది?"

"ఎంత మళ్లితే, మావా?"

"ఎంతంటే ఏటి సెప్పీది? మళ్లితే తెలిసిపోద్ది. మెడ కాడ సల్లగా తగుల్తాది."

పెట్టెకు మెడ లేదు. మావకు కోపం వచ్చింది. యాభై ఏళ్లు గాలితో బతికినవాడికి గాలి తెలియదని నేను అంటున్నట్టు తోచింది కాబోలు. బతిమాలి, గాలి దిక్కు చూపే గాలికోడి కింద కూర్చోబెట్టాను. మళ్లిందని అనిపించినప్పుడల్లా చెయ్యి ఎత్తమన్నాను. ఆయన చెయ్యి ఎత్తినప్పుడల్లా గాలికోడి ఎంత జరిగిందో రాసుకున్నాను. సాయంత్రానికి లెక్క తేలింది. ఇరవై డిగ్రీలు జరగాలి, జరిగి చుట్ట సగం కాలే సేపు అక్కడే నిలవాలి. నిలవకపోతే అది గాలి మళ్లడం కాదు, మావ మాటల్లో "గాలి ఏడిపించడం".

ఆయన కూడా ఆ కాగితం తీసుకుని చూశాడు. "ఇదేటే, నాను ఇలగ సూస్తన్నానని నాకే తెల్దు" అన్నాడు. ఆ మాట నాకు చాలా నచ్చింది. పెట్టెకు చెప్పడం కష్టం కావడానికి కారణం పెట్టె ఒక్కటే కాదు. మనకు తెలిసిన పని మనకే పూర్తిగా తెలియదు.

రోజు 13. తొట్టి: 8.

ప్రోగ్రాం నడిచింది. గాలి మళ్లగానే మోటార్లు వరసగా మూలిగాయి. ఊరివాళ్లు గది ముందు చేరి చప్పట్లు కొట్టారు. ఒక్క లోపం. ఒక చుట్టు అన్నిటినీ తిప్పాక పెట్టె ఆగిపోతోంది. చివర్లో చిన్న అక్షరాలతో "పరిధి దాటింది" అంటుంది. ఎవరి పరిధి, ఏ పరిధి, నాకేం తెలుసు? మళ్లీ నడిపించే మీట నొక్కితే ఇంకో చుట్టు తిప్పి మళ్లీ ఆగుతుంది. సరే, వలలైతే తిరుగుతున్నాయి కదా. మీట నొక్కడం మావకు నేర్పాను.

రోజు 16. తొట్టి: 5.

అంచు తాళ్లు ఒరుసుకుని ఏడో వల, తొమ్మిదో వల అక్కడక్కడ చిరిగాయి. మూడు రోజులు కుట్టుపనిలోనే ఉన్నాను. ఈరోజు పెట్టె ముందు కూర్చుంటే నేను రాసింది నాకే అర్థం కాలేదు. ఈ మాట ఎందుకు పెట్టాను, ఆ సంఖ్య ఎక్కడిది? వేరే ఎవరో వచ్చి రాసిపోయినట్టుంది. రోజూ ఇదే పనిలో ఉండేవాళ్లకు ఈ బాధ ఉండదు. నాలాగా వేరే పని మధ్య దీన్ని పట్టుకున్నవాళ్లు వదిలిన ప్రతిసారీ మళ్లీ మొదటికి రావాలి. సగం రోజు పోయింది. ఇకనుంచి ప్రతి వరుస పక్కన ఇది ఎందుకో రాసుకుంటాను, రేపటి పోలమ్మ తెలివితక్కువదని అనుకునే రాస్తాను.

అన్నిటికన్నా దిగులు, వలలు తిరుగుతున్నా తొట్టి రోజుకో అంగుళం దిగుతూనే ఉంది. ఇళ్లకు నీళ్లు తగ్గించారు. ఇలాగైతే ఇంకో ఐదు రోజుల్లో నీలి గీతకు చేరుతుంది.

రోజు 17. తొట్టి: 4.

లాభం వల అంచు తాడు ఊడిందేమో చూసి రమ్మని సంఘం వాళ్లంటే కనుమ దగ్గరికి వెళ్లాను. అది కొండ మలుపు అవతల ఉంటుంది, మోటార్ల గదిలోంచి కనబడదు. తాడు బాగానే ఉంది. వల తిరిగే ఇరుసుకూ పక్కనున్న రాతికీ మధ్య సాలెగూడు ఉంది. చిన్నది కాదు, జానెడు వెడల్పు, పొద్దుటి మంచు బొట్లతో నిండుగా. ఒక్క పోగు కూడా తెగలేదు.

వల తిరిగి ఉంటే ఆ గూడు ఉండదు. ఎనిమిది రోజులుగా మేము తిప్పుతున్నామనుకున్న వల అసలు కదలలేదు. ఊరి నీళ్లలో పావు వంతు అలా పోతోంది. అక్కడే రాయి మీద కూర్చుండిపోయాను. ఏడుపు వచ్చింది, ఏడ్చాను. మోటారు పోయిందేమోనని చూస్తే మోటారు చల్లగా, బాగా ఉంది. దానికి ఆదేశమే రాలేదు.

కిందికి దిగేసరికి మసేను మావ వరసలో నిలబడినవాళ్లకు నీళ్లు కొలిచి పోస్తున్నాడు. గడపకు ఆరు చెంబులు. "లాభం... రెండు... మూడు..." నేను అక్కడే ఆగిపోయాను. మా ఆచారం తెలియని మనిషి పక్కన నిలబడి ఉంటే, ఒకటి అనే మాట వినబడలేదు కాబట్టి మొదటి చెంబు లెక్కలోకి రాలేదనుకుంటాడు. లేదా ఒకటోది ఇమ్మని అడుగుతాడు, ఏది ఇవ్వాలో తెలియక మేము నిలబడిపోతాం. పెట్టె కూడా అలాంటిదేమో. దానికీ మొదటిదానికి వేరే పేరు ఉందేమో.

గదికి వెళ్లి "తిప్పు 1" అని కొట్టి, మావను వలల దగ్గరికి పంపాను. ఈసారి ఏది తిరిగిందో పలక చూసి చెప్పమన్నాను. "రెండోది" అన్నాడు. మొన్న ఐదు అని కొట్టినప్పుడు తిరిగింది ఆరోది అయి ఉంటుంది. ఆ మంచులో ఏది తిరిగిందని నేను అడగలేదు, మావ చెప్పలేదు. ఇప్పుడు సున్నా కొట్టాను. మావ కనుమ దాకా నడిచి వెళ్లి చూసి, మలుపు దగ్గరికి వచ్చి, లాభం తిరిగిందని తువ్వాలు ఊపాడు.

పెట్టె లెక్క సున్నాతో మొదలవుతుంది. పదకొండుతో అయిపోతుంది. నేను పన్నెండు అడిగేసరికి అలాంటి వల లేదని ఆగిపోయేది. పరిధి దాటింది అన్నది దాని గురించే. నాకు కష్టమంతా కలిగించింది పెద్ద విద్యేమీ కాదు, మా ఇంట్లో రోజూ పలికే మాటలాంటి చిన్న అలవాటు.

సాయంత్రం వైర్‌లెస్‌లో సుభాని గారితో చెప్పాను.

"లెక్క సున్నా నుంచి అని నేను చెప్పలేదా అమ్మా?"

"లేదండి."

"చెప్పాలని కూడా నాకు తోచలేదు. ముప్పై ఏళ్లయిందమ్మా నేర్చుకుని. అది తెలియని మనిషి ఉంటారని మరిచిపోయాను."

ఆయన గొంతు చిన్నబోయింది. నాకు ఆయన మీద ఉన్న కోపం ఆ మాటతో పోయింది. మసేను మావ గాలి గురించి చెప్పలేకపోయినదీ ఇదీ ఒకటే.

రోజు 18. తొట్టి: 4.

సున్నా నుంచి పదకొండు దాకా అని మార్చాను. మార్చినవి రెండే రెండు సంఖ్యలు. పొద్దుటి నుంచి మూడుసార్లు గాలి మళ్లింది, మూడుసార్లూ పెట్టె తనంతట తానే తిప్పింది, ఆగలేదు. నేను ఇంటికి వెళ్లి వేడిగా అన్నం తిన్నాను.

రోజు 22. తొట్టి: 9.

ఇళ్లకు మళ్లీ పది చెంబులు ఇస్తున్నారు. మిషను ముందు కూర్చుని పాత రవికెకు చేతులు కుట్టాను.

రోజు 24. తొట్టి: 11.

అధికారి వచ్చారు. పేరు హైమవతి. చరియ పడిన చోట లారీలు ఆపి, మిగిలిన దారి నడిచి వచ్చారు. మనిషి కఠినమేమీ కాదు. తొట్టి కొలిచారు, ఈ పుస్తకం మొదటి నుంచి చదివారు, సాలెగూడు దగ్గర ఒకసారి నవ్వారు. ఆ తర్వాత అడిగారు.

"ఇది నడపడం మీకు తప్ప ఇంకెవరికి వచ్చు?"

మసేను మావ మీట నొక్కగలడన్నాను.

"మీట కాదు. రేపు మీకు జ్వరం వచ్చింది. ఒక వల చిరిగింది, దాన్ని తిప్పకూడదు. పెట్టెకు ఆ సంగతి ఎవరు చెప్తారు?"

ఒక్క మనిషి మీద ఊరంతటి నీళ్లు వదిలి, ఊరు ఇక్కడే ఉండొచ్చని తాను సంతకం పెట్టలేనన్నారు. ఎల్లుండి పొద్దున దాకా ఉంటానని, ఇంకొకరు చేసి చూపిస్తే లారీలు వెనక్కి పంపేస్తానని చెప్పారు. ఆవిడ అన్నదాంట్లో తప్పు లేదు. అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

రోజు 25. తొట్టి: 12.

పొద్దున గది ముందుకు పద్దెనిమిది మంది వచ్చారు. "పది రోజుల్లో యంత్రభాష" మొదటి పేజీ చదివి వినిపించాను. మధ్యాహ్నానికి నలుగురు మిగిలారు. అన్నం తిని వస్తామని వెళ్లిన ముగ్గురు ఇప్పటికీ తింటూనే ఉన్నారు. మిగిలింది మసేను మావ. ఆయన కూడా నేర్చుకోవాలని కాదు, కూర్చున్న చోటి నుంచి లేవడానికి మోకాళ్లు సహకరించక.

ఆయన వేళ్లు మీటల మీద పెట్టడానికే భయపడుతున్నాడు. ఒకటి కొట్టడం, నా మొహం చూడడం. వరుస రాశాక తప్పు అని వచ్చింది.

"ఇప్పుడేటి సెయ్యాల?"

"ఏముంది మావా, అక్కడ బ్రాకెట్ మూసి మళ్లీ నడిపించు. అంతే."

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక నేనే ఉలిక్కిపడ్డాను. ఇరవై రోజులకే నాకు కూడా ఆ జబ్బు పట్టుకుంది. మావ తెర వంక చూస్తున్నాడు. బ్రాకెట్ అంటే ఏమిటో ఆయనకు నేను చెప్పనేలేదు.

పుస్తకం మూసేసి ఒక తెల్లకాగితం తీసుకున్నాను. మొదటి పేజీకి ముందు ఉండాల్సిన పేజీ రాద్దామని కూర్చున్నాను. ఎలా రాయాలో తెలియలేదు. నాకు వచ్చింది రాస్తే సుభాని గారిలాగే రాస్తాను. అప్పుడు ఈ నీటి పుస్తకం గుర్తొచ్చింది. రెండో రోజు నుంచి తిరగేసి, నేను ఎక్కడెక్కడ తిట్టుకున్నానో అవన్నీ కాగితం మీదికి ఎక్కించాను. బొత్తాం వెనక ఉంది. తెర నల్లగా ఉంటే అయిదు నిమిషాలు ఆగు. నువ్వేం కొట్టినా పెట్టె విరగదు, వల చిరగదు, మహా అయితే తప్పు అంటుంది. తప్పు అన్న వరుసతో పాటు దాని పైవరుస కూడా చూడు. తెరిచిన ప్రతి గుర్తూ మూయాలి. ఇక్కడ ఆ గుర్తు బొమ్మ వేశాను. చివర పెద్ద అక్షరాలతో, లాభాన్ని పెట్టె సున్నా అంటుంది, మన రెండు దానికి ఒకటి, అని రాసి పక్కన పన్నెండు వలలూ గీసి కింద రెండు లెక్కలూ వేశాను.

మావ ఆ కాగితాన్ని వల చిరుగు తడిమినట్టు వేలితో వరుస వరుసా తడుముతూ చదివాడు. తర్వాత నా వంక చూడకుండా ఒక వరుస కొట్టాడు.

రోజు 26. తొట్టి: 13.

హైమవతి గారు నన్ను గది బయట బల్ల మీద కూర్చోబెట్టారు. నోరు తెరవకూడదన్నది షరతు. లోపల మావకు ఆవిడ చెప్పడం వినిపించింది. "నాలుగో వల చిరిగిందనుకోండి. దాన్ని వదిలి మిగతావి తిరగాలి."

ఆ తర్వాత ఒక్కో మీట, మధ్యలో ఒక దగ్గు. నిన్న నేర్పినవి అన్నీ నా బుర్రలో తిరుగుతున్నాయి. నాలుగు అని కొడతాడేమో. కొడితే ఐదో వల ఆగుతుంది, చిరిగినది తిరుగుతుంది, ఊరంతా లారీలెక్కాలి. మావా నాలుగు కాదు, అని నాలుక చివర దాకా వచ్చింది. కొంగు నోట్లో కుక్కుకున్నాను.

పెట్టె తప్పు అని కూసింది. ఆరో వరుస అని మావ చదివాడు. కాగితం గరగరలాడింది.

"ఆరు కాడ ఏటీ నేదు. పైది సూద్దుం" అన్నాడు తనలో తాను.

మళ్లీ మీటలు. తర్వాత ఆయన పైకి లెక్కపెట్టడం నాకు స్పష్టంగా వినబడింది. "లాభం, రెండు, మూడు, నాలుగు." ఆగాడు. మళ్లీ మొదలుపెట్టాడు. "సున్నా, ఒకటి, రెండు, మూడు." మొదటిసారి ఆ ముసలాయన నోట కొలతలో ఒకటి అనే మాట విన్నాను. ఒక మీట కొట్టాడు.

మోటార్లు మూలగడం మొదలైంది. మంచు పలచగా ఉంది. గుమ్మం ముందు నుంచి చూస్తే నాలుగో వల ఒక్కటే పడమటికి మొహం పెట్టి అలాగే నిలబడి ఉంది, కనబడే మిగతావన్నీ గాలికి తిరుగుతున్నాయి. హైమవతి గారు గొడుగు తీసుకుని మలుపు దాటి కనుమ దాకా వెళ్లారు. తిరిగి వచ్చి లాభం వల కూడా తిరిగిందని చెప్పారు. ఈ పుస్తకంలోనే, నీటిమట్టం పక్కన సంతకం పెట్టారు. లారీలను వెనక్కి పంపమని వైర్‌లెస్‌లో చెప్పారు. వెళ్లేముందు నా కాగితానికి ఒక నకలు అడిగి తీసుకున్నారు, ఇలాంటి పెట్టెలు ఇంకో ఏడు కొండల మీద ఉన్నాయట.

నేను లోపలికి వెళ్లేసరికి మసేను మావ కుర్చీలో కాళ్లు చాపుకుని, మీసం దువ్వుకుంటూ ఉన్నాడు.

"ఇంతేనేటే? దీనికి ఇన్నాళ్లు ఏటి సేసినావే గుంటా?"

నాకు కళ్లలో నీళ్లు వచ్చాయి, నవ్వు కూడా వచ్చింది. పావుగంట క్రితం ఆరో వరుస దగ్గర ఈయన గొణుక్కోవడం నేను విన్నాను. అప్పుడే మరిచిపోతున్నాడు. ఒక పెన్సిలు, తెల్లకాగితం తీసుకుని ఎదురుగా పీట వేసుకున్నాను.

"లేవకు మావా. ఎక్కడెక్కడ తడబడ్డావో సెప్పు, బేగి. రేపటికి నీకు గుర్తుండదు."

ఆయన మీసం దువ్వడం ఆపి, మొట్టమొదట తడబడిన చోటు చెప్పాడు. కుర్చీ ఎత్తు ఎక్కువైందట, కాళ్లు నేలకు ఆనక భయమేసిందట. రాసుకున్నాను.